గూగుల్ సెర్చ్ కన్సోల్: ఇండెక్సింగ్ భాగం భేష్, లింకుల లెక్క అంతంతమాత్రం

తమ పేజీలు గూగుల్ సెర్చ్‌లో ఎలా కనిపిస్తున్నాయో చూసుకోడానికి సైటు నడిపేవాళ్లకి ఉచితంగా దొరికే ఈ సాధనంలో అన్నిటికన్నా పనికొచ్చేది యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్. పైనున్న పెట్టెలో పేజీ చిరునామా వేస్తే గూగుల్ దాన్ని చివరిసారి ఎప్పుడు క్రాల్ చేసిందో (అంటే వచ్చి చదివిందో), ఒకేలాంటి పేజీల్లో దేన్ని అసలుదిగా (కెనానికల్) ఎంచుకుందో చూపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు: మొదట కనిపించేది ఇండెక్స్‌లో, అంటే గూగుల్ దాచుకున్న పేజీల జాబితాలో ఉన్న పాత కాపీ సంగతి. పేజీ ఇప్పుడెలా ఉందో తెలియాలంటే 'టెస్ట్ లైవ్ యూఆర్ఎల్' నొక్కాలి. అంతా సరిగ్గా ఉంటే 'రిక్వెస్ట్ ఇండెక్సింగ్' ఒక్కసారి చాలు. పదిసార్లు నొక్కినా వరుసలో ముందుకు జరగదు, పైగా రోజువారీ కోటా ఉంది.

పేజీలు ఎక్కువైతే సైట్‌మ్యాపే (పేజీల చిరునామాలన్నీ రాసి గూగుల్‌కి ఇచ్చే ఫైలు) దిక్కు. ఫైలుకి 50,000 చిరునామాలు, కుదించకముందు 50 ఎంబీ పరిమితి. అందులో పేజీ చివరిగా ఎప్పుడు మారిందో చెప్పే లాస్ట్‌మాడ్‌లో నిజంగా మార్చిన తేదీనే వేయండి. అన్ని పేజీలకీ ఈరోజు తేదీ కొట్టేస్తే గూగుల్ దాన్ని నమ్మడం మానేస్తుంది. పేజీ ప్రాధాన్యం చెప్పే ప్రయారిటీ, ఎంత తరచుగా మారుతుందో చెప్పే చేంజ్‌ఫ్రీక్ ఎలాగూ పట్టించుకోదు.

మన పేజీలకి ఎక్కడెక్కడి నుంచి లింకులున్నాయో చూపే లింకుల రిపోర్టు మాత్రం నిరాశే. తెరమీద పట్టికలు 1,000 వరుసల దగ్గర ఆగిపోతాయి. నోఫాలో (అనుసరించొద్దని గూగుల్‌కి గుర్తు పెట్టిన) లింకులూ అందులోనే కలిసి ఉంటాయి, వేరుచేసి చూపదు. 'టాప్ లింకింగ్ సైట్స్'లో ఒకే సైటు నుంచి వేలల్లో కనిపిస్తే అది చాలావరకు ప్రతి పేజీ అడుగున ఫుటర్‌లోనూ ఉన్న ఒకే లింకు.