ఒక్క గోడకే కొత్త రంగు వేసిన అద్దె ఇల్లు చూపిస్తే జాగ్రత్త

అద్దె ఇంటి కోసం తిరుగుతున్నవాళ్ళు ఇది చదివాకే డిపాజిట్ కట్టండి. ఇల్లంతా పాత రంగు ఉండి, ఏదో ఒక్క గోడ మాత్రం తళతళలాడుతుంటే అక్కడ ఆగి చూడండి. మాకు చూపించిన ఇంట్లో పడకగది గోడ అలాగే ఉంది. "మీరు వస్తున్నారనే వేయించాం" అన్నాడు ఏజెంటు. వానలు పడగానే ఆ గోడ కింది భాగం పొక్కులు లేచింది. గోరు తగిలితే చాలు పెచ్చు ఊడొస్తోంది. పెచ్చు వెనక తెల్లటి ఉప్పు పొడి, దాని వెనక తడి సిమెంటు. బీరువా జరిపితే వెనక చెక్క నిండా నల్లటి బూజు. లోపలున్న దుప్పట్లు, సర్టిఫికెట్ల ఫైలు అన్నీ ముక్కిపోయిన వాసన.

ఓనరుకి చెబితే వచ్చిన జవాబు: "మీరు కిటికీలు తియ్యరు, బట్టలు లోపల ఆరేస్తారు, అందుకే." ఖాళీ చేసేటప్పుడు అదే మాట చెప్పి డిపాజిట్‌లో కోత పెట్టారు. నాకు కడుపు మండింది ఇక్కడే. ఎందుకంటే ఆ మాట కొన్ని ఇళ్ళలో నిజమే, మా గోడ విషయంలో కాదు. తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు.

గదిలో గాలికున్న తేమ చల్లటి గోడకి తగిలితే నీళ్ళవుతుంది. గది 20 డిగ్రీలుండి తేమ 60 శాతం ఉందనుకోండి, 12 డిగ్రీలకి చల్లబడ్డ చోటల్లా చెమ్మ దిగుతుంది. అందుకే అది కిటికీ అద్దాల మీద, గది మూలల్లో, గోడకి ఆనించిన బీరువా వెనక కనిపిస్తుంది. నల్ల చుక్కలు వస్తాయి గానీ ఉప్పు పూయదు. నేలలోంచి పైకి లాగే చెమ్మ వేరు: అడుగున మొదలై సాధారణంగా మీటరు ఎత్తు లోపే ఆగుతుంది, ఉప్పు చార కడుతుంది. పైపు లీకైనా, బయటి గోడ బీటలోంచి వాన నీళ్ళు దిగినా ఒకచోట మరక పడి, అంచు గోధుమరంగులోకి తిరుగుతుంది.

అనుమానం ఉంటే వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్క గోడకి పెట్టి నాలుగు వైపులా టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. ఫాయిల్ పైన తడి ఉంటే గది గాలిలో తేమ ఎక్కువైనట్టు. గోడ వైపు తడి ఉంటే నీళ్ళు గోడలోంచే వస్తున్నాయి. ఫొటో తీసి పెట్టుకోండి.

కారణం తేలకముందు మాత్రం ఏదీ కొనొద్దు. తడి గోడ మీద వేసిన "డ్యాంప్ ప్రూఫ్" రంగు మళ్ళీ పొక్కులు లేస్తుంది. తేమ పీల్చే డబ్బాలు మూసిన అలమరాలో కాస్త పనిచేస్తాయి, గదికి సరిపోవు. బ్లీచింగ్ కొడితే నలుపు పోతుంది గానీ, గోడ తడిగా ఉన్నంతకాలం బూజు తిరిగి వస్తూనే ఉంటుంది. డబ్బు పెట్టాలనుకుంటే గది గాలిలో తేమ కొలిచే చిన్న మీటరు కొనండి. 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే గాలిలో తేమ సరిగ్గా ఉన్నట్టే. ఎప్పుడూ 70 దాటుతుంటే బూజు పట్టే అవకాశం ఎక్కువ. అప్పుడు స్నానం, వంట అయ్యాక ఫ్యాను వేసి ఆవిరి బయటికి పంపండి, బట్టలు బయట ఆరేయండి, బీరువాని గోడకి కాస్త ఎడంగా పెట్టండి.

బూజుని పొడిగా గీకకండి, దాని పొడి గాల్లో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. ఉబ్బసం ఉన్నవాళ్ళని, పసిపిల్లల్ని ఆ గదిలో అస్సలు పడుకోబెట్టొద్దు.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు బీరువాలు, మంచాల వెనక గోడ చేత్తో తడమండి, అలమరాల తలుపులు తీసి వాసన చూడండి. వీలైతే వాన పడ్డ మర్నాడే వెళ్ళండి. చేరేరోజు ప్రతి గోడా వీడియో తీసి ఆరోజే ఓనరుకి పంపండి. ఆ తర్వాత ఏ ఫిర్యాదైనా ఫోన్‌లో కాదు, రాతపూర్వకంగా చెయ్యండి. గోడల చెమ్మ, లీకేజీల మరమ్మతు ఓనరే చేయించాలని అగ్రిమెంటులో ఒక్క వాక్యం రాయించుకోండి. దానికి ఒప్పుకోకపోతే వేరే ఇల్లు చూసుకోండి.