మతంగ కొండ ఎక్కి, విఠలుడి గుడి చూసి, ఏటి ఒడ్డున వెనక్కి: హంపీలో ఒక పూట నడక

హంపీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గెజ్జల మండపం దాకా కారులో వెళ్లి, అక్కడ బ్యాటరీ బండి ఎక్కి, విఠలాలయం ముందు దిగుతారు. రాతిరథం దగ్గర ఫోటో దిగి అదే బండిలో వెనక్కి వచ్చేస్తారు. ఆ గుడికే విరూపాక్షుడి వీధి నుంచి కొండ మీదుగా నడిచి వెళ్లి, తుంగభద్ర ఒడ్డు పట్టుకుని తిరిగి రావచ్చు. మొత్తం ఆరేడు కిలోమీటర్లు. ఆగి చూసుకుంటూ నడిస్తే అయిదున్నర గంటలు పడుతుంది. హంపీలో ఒక్క పూటే ఉందంటే ఈ నడకకే ఇవ్వండి. మా లెక్కలో అయిదుకు నాలుగు మార్కులు.

ఏ వైపు నుంచి మొదలుపెడతారన్న దాన్ని బట్టే ఈ నడక బాగుండటమో, వడదెబ్బ తగలడమో ఉంటుంది. ముందు కొండ, తర్వాత విఠలాలయం, చివర ఏరు. కొండ మీద నీడ లేదు, అంతా నల్లరాయే. తొమ్మిది దాటితే బండ కాలడం మొదలవుతుంది, పదకొండుకి చెయ్యి ఆనించలేరు. విఠలాలయం ఎనిమిదిన్నరకు తెరుస్తారు. కొండ దిగి తీరిగ్గా నడిస్తే సరిగ్గా ఆ వేళకే చేరతారు, బండ్లలో వచ్చే జనం కన్నా ముందే లోపల ఉంటారు. ఉల్టా తిరిగితే కొండ మిట్టమధ్యాహ్నానికి మిగులుతుంది. చాలామంది చేసే తప్పు ఇదే.

బయల్దేరేది హంపీ బజారులో, విరూపాక్ష గోపురం ముందు నుంచి. డిసెంబరు, జనవరి నెలల్లో 6:45 ప్రాంతంలో సూర్యోదయం. ఆ రోజుల్లో 5:45కి గోపురం దగ్గర ఉంటే చాలు. హోసపేటలో దిగినవాళ్లు ఆటోను ముందురోజు సాయంత్రమే మాట్లాడి పెట్టుకోవాలి, 13 కిలోమీటర్ల దూరం. హంపీలోనే గది తీసుకుంటే ఈ తంటా లేదు. గుడి వైపు ఊళ్లో మాంసం, మందు దొరకవు, అది ముందే తెలిసి వెళ్లండి. ఆంధ్ర వైపు నుంచి రైలంటే గుంతకల్లు, బళ్లారి మీదుగా హోసపేటకు వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది.

బజారు తూర్పు కొసన ఎదురు బసవన్న ఉంటాడు, ఒకే బండలో మలిచిన పెద్ద నంది. ఆయన పక్కనుంచే రాతి మెట్లు మొదలవుతాయి. ఈ మెట్లు రెండు గుట్టల మధ్య కనుమ దాటి అచ్యుతరాయల గుడి వైపు దిగిపోతాయి. శిఖరానికి వెళ్లాలంటే కనుమ దగ్గర కుడివైపు తిరగాలి. బోర్డు కోసం వెతక్కండి. అక్కడ తిరగకుండా నేరుగా దిగిపోయి, కింద గుడి కనిపించాక నాలుక్కరుచుకునేవాళ్లు చాలామంది. ఒక మార్కు తగ్గించింది ముఖ్యంగా దీనికే: ప్రపంచ వారసత్వ జాబితాలో 1986లోనే చేరిన చోట, మలుపు దగ్గర ఒక బాణం గుర్తు పెట్టడానికి ఏమడ్డం?

మలుపు తర్వాత అసలైన ఎక్కుడు. కొన్ని మెట్లు విడి రాళ్లతో పేర్చినవి, కొన్ని బండలోనే తొలిచినవి, కొన్నిచోట్ల ఒక పక్క లోయ. చేత్తో పట్టుకుని పోవాల్సిన బండలు రెండు మూడు వస్తాయి. టార్చి చేతిలో కాకుండా తలకు కట్టుకునేది తీసుకోమనేది అందుకే. చీకట్లో ఒంటరిగా వద్దు, కనీసం ముగ్గురు ఉండాలి. దారి తెలిసిన స్థానికుణ్ని ముందురోజే మాట్లాడుకుంటే ఇంకా మంచిది.

జారడం గురించి ఒక మాట. పొడిగా ఉన్న నల్లరాయి చెప్పును గట్టిగా పట్టుకుంటుంది, ఎక్కేటప్పుడు భయమే ఉండదు. రాయి శిథిలమై రాలిన గరుసు ఇసుక మాత్రం వాలు బండల మీద పల్చగా పరుచుకుని ఉంటుంది. దిగేటప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలికింద గోళీలు పోసినట్టే. పడేవాళ్లు ఎక్కువగా పడేది అక్కడే. పాదం మొత్తం ఆనించి, పక్కవాటుగా, మోకాలు కాస్త వంచి దిగాలి. హవాయి చెప్పులు, అడుగు అరిగిపోయిన బూట్లు వద్దు. వాన కురిసిన మర్నాడు కొండ మానుకోండి. నాచు పట్టిన తొలిచిన మెట్టు మీద ఏ బూటూ ఆగదు.

పైన వీరభద్రుడి గుడి. దాని మిద్దె మీదకు మెట్లున్నాయి, అందరూ సూర్యోదయం చూసేది అక్కడినుంచే. రామాయణం తెలిసినవాళ్లకు ఈ కొండ కొత్త కాదు. దుందుభి కళేబరాన్ని వాలి విసిరేస్తే ఆ నెత్తుటి చుక్కలు ఆశ్రమంలో పడ్డాయని మతంగ మహర్షి శపించాడు, ఆ శాపభయంతో వాలి ఈ ఛాయలకు రాలేదు. సూర్యుడు లేచాక వెంటనే దిగిపోకండి. ఇంకో పావుగంట ఆగితే విరూపాక్ష గోపురం తూర్పు ముఖం వెలుగుతుంది. నీడలు పొడుగ్గా ఉన్న ఆ కాసేపే ఊరు కట్టుబడి మొత్తం తెలుస్తుంది: గోపురం నుంచి నంది దాకా తూర్పు పడమరగా సాగిన ఒక బజారు, కొండకు ఇవతల ఏటి వైపు ఉత్తరంగా పోయే ఇంకో బజారు, గుట్టల సందుల్లో అరటి తోటలు. కింద తిరిగేటప్పుడు విడివిడి శిథిలాల్లా కనిపించేవన్నీ ఇక్కణ్నుంచి వీధులుగా అతుక్కుంటాయి. ఈ నడకలో అన్నిటికన్నా విలువైన అరగంట ఇది.

పైన ఏమీ తినకండి. కోతులకు ప్లాస్టిక్ కవరు చప్పుడు చాలు. అరటిపళ్లు, బిస్కెట్లు జిప్పున్న సంచి అడుగున పెట్టుకుని, కింద గుడిలో విప్పుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లాల్సిందే, కొండ మీద ఏమీ దొరకదు. అచ్యుతరాయల గుడి దగ్గర కూడా మరుగుదొడ్డి లేదు.

కనుమకు తిరిగొచ్చి అవతలికి దిగితే పది పదిహేను నిమిషాల్లో ఆ గుడి. 1534లో విజయనగర రాజు అచ్యుతరాయల బావమరిది సలకరాజు తిరుమలరాజు కట్టించాడు. జనం రాజు పేరుతో పిలిచినా, ఇందులో కొలువైన దేవుడు తిరువేంగళనాథుడు, అంటే మన వేంకటేశ్వరుడే. గర్భగుడిలో ఇప్పుడు మూర్తి లేదు. టికెట్టు లేదు, ఎనిమిదిలోపు జనమూ ఉండరు. ప్రాకారాల చుట్టూ పడి ఉన్న బండల్ని కాస్త వంగి చూడండి. అంచు వెంట అగ్గిపెట్టె పట్టేంత గుంతలు వరసగా, సమాన దూరంలో కనిపిస్తాయి. ఆ గుంతల్లో చీలలు బిగించి బండను గీత గీసినట్టు చీల్చేవారు. కొన్ని బండలు గుంతలు కొట్టి చీల్చకుండానే వదిలేసి ఉన్నాయి, పని మధ్యలో ఆపేసి భోజనానికి వెళ్లినట్టు.

గుడి ముందు బజారు వెంట ఉత్తరానికి నడిస్తే పక్కనే కోనేరు, చివర వరాహ ఆలయం, దాని దాపునే తుంగభద్ర. ఏరు ఎడమ చేతివైపు ఉండేలా కుడికి తిరిగితే విఠలాలయం దారి. దారిలో సుగ్రీవుడి గుహ అనే బండసందు, ఆ తర్వాత రాజుల తులాభారం వస్తాయి. తులాభారం అంటే రెండు రాతి స్తంభాలు, పైన అడ్డదూలం. దూలం అడుగున త్రాసు వేలాడదీయడానికి మూడు రాతి కొక్కేలు ఉన్నాయి. ఒక స్తంభం మొదట్లో ఇద్దరు రాణులతో రాజు బొమ్మ ఉంది, ఎండ పక్కవాటుగా పడితేనే తెలుస్తుంది.

విఠలాలయం టికెట్టు మనవాళ్లకు 40 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం. సప్తస్వర స్తంభాల్ని తట్టడం నిషేధం, వినిపిస్తామని గైడు చెప్పినా ఒప్పుకోకండి. రథం 50 రూపాయల నోటు మీద అందరూ చూసిందే. ఇది ఏకశిల కాదు, నల్లరాతి ముక్కల్ని అతుకు కనబడకుండా పేర్చినది. ముందున్న ఏనుగులు కూడా మొదటివి కావు. వాటి వెనక్కి వెళ్లి కిందకి చూస్తే, ముందు అక్కడుండే గుర్రాల వెనక కాళ్లు, తోకలు ఇప్పటికీ కనిపిస్తాయి. రథం మీద ఇటుక శిఖరం కూడా ఉండేది. 1856లో గ్రీన్‌లా అనే బ్రిటిష్ సైనికాధికారి తీసిన ఫోటోలో అది ఉంది, ఇప్పుడు లేదు.

గుడి నుంచి ఏటి వైపు దిగితే పురందరదాసు మండపం. సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలో నేర్చుకున్న ప్రతి తెలుగు పిల్లకూ ఆ పాఠం పెట్టిన గురువాయన. కాబట్టి అయిదు నిమిషాలు కూర్చోండి. అక్కణ్నుంచి ఏట్లో పాత వంతెన రాతి స్తంభాలు వరసగా కనిపిస్తాయి.

వెనక్కి మాత్రం అచ్యుతరాయల బజారు వైపు తిరగకుండా ఏటి ఒడ్డునే కోదండరాముడి గుడికి రావాలి. సీతారామ లక్ష్మణుల్ని అక్కడి బండలోనే చెక్కారు. పైన మాధ్వ గురువు వ్యాసరాయలు ప్రతిష్ఠించిన యంత్రోద్ధారక ఆంజనేయుడు. గుడి ముందు ఏరు ఒక్కసారిగా మలుపు తిరిగే చోటు చక్రతీర్థం. చూడ్డానికి నిలకడగా ఉంటుంది, లోపల సుడులుంటాయి. ఈతకు దిగొద్దు. పుట్టిలో తిప్పుతామంటారు. నీళ్లు తక్కువగా ఉండి, లైఫ్ జాకెట్ ఇస్తేనే ఎక్కండి, ధర ఎక్కకముందే తేల్చుకోండి.

వానాకాలంలో పైన ఆనకట్ట గేట్లు ఎత్తితే పురందర మండపం మునుగుతుంది, చక్రతీర్థం దగ్గర దారి కూడా తెగుతుంది. అలాంటప్పుడు మొండికేసి ఏటి పక్కన నడవకుండా, వచ్చిన కనుమ దారినే బజారు చేరాలి. అరగంట ఎక్కువ, అంతే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ బెడద లేదు. మార్చి నుంచి మే వరకు మేమైతే వెళ్లమనం.

పదకొండుంపావుకి బజారులో ఉంటారు. ఇడ్లీలు అయిపోయినా మండక్కి, మిరపకాయ బజ్జీ దొరుకుతాయి. మండక్కి అంటే మన బొరుగులే. విఠలాలయం టికెట్టు పారేయకండి. అదే రోజు కమల మహల్‌కి, కమలాపురం మ్యూజియానికీ అదే పనికొస్తుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు.