అల్యూమినియం బ్రేజింగ్ రాడ్లు: మూడేళ్ల వాడకం తరువాత

దోమతెర తలుపు చట్రం మూల దగ్గర విరిగినప్పుడు, అంత చిన్న పనికి ఆర్గాన్ వెల్డింగ్ చేసేవారెవరూ ముందుకు రాకపోవడంతో, జింకు, అల్యూమినియం కలిసిన ఈ రాడ్లను తెప్పించుకున్నాను. వీటిని బ్రేజింగ్ (భాగాలను కరిగించకుండా, మధ్యలో వేరే లోహాన్ని కరిగించి అతికించడం) రాడ్లని అమ్ముతున్నా, 450 డిగ్రీల సెల్సియస్‌కు లోపల కరిగేదాన్ని సోల్డరింగ్ అనడమే సరైనది. నా దగ్గరున్నవి సుమారు 400 డిగ్రీలకే కరుగుతాయి.

ప్రకటనల్లో రాడ్ మైనంలా కరిగి అతుక్కుంటుంది. నేను మంటను నేరుగా రాడ్ మీద పెట్టినప్పుడు మాత్రం అది పూసలు పూసలుగా జారి బల్ల మీద పడింది. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది గానీ, దాని మీద గాలి తగలగానే ఏర్పడే ఆక్సైడ్ పొర 2000 డిగ్రీలు దాటినా కరగదు. ఆ పొరను చెదరగొట్టకుండా ఎంత లోహం పోసినా అది పైపైనే నిలుస్తుంది. అందుకే వేరే లోహానికి వాడని స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్‌తో ముందుగా రుద్ది, భాగాన్నే వేడిచేసి, ఆ వేడికి రాడ్ కరిగాక, కరిగిన లోహం అడుగున మళ్లీ బ్రష్‌తో గీకాలి. ఈ రెండో గీకుడు తెలియడానికి నాకు సగం ప్యాకెట్ ఖర్చయింది.

అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. ఒక పలుచని పట్టీ చూస్తుండగానే కుంగి ముద్దయిన తరువాత, కొద్ది క్షణాలకొకసారి మంట పక్కకు తీసి రాడ్ ఆనించి చూడడం అలవాటు చేసుకున్నాను. మందపాటి దిమ్మెలతో సమస్య దీనికి విరుద్ధం: అవి వేడిని లాగేసుకుంటాయి కనుక చిన్న బ్లో టార్చ్ చాలదు. వంటగది స్టవ్ మీద ముందుగా వేడిచేస్తే పని జరిగింది, ఇంట్లో గొడవ మాట అటుంచితే.

డై కాస్టింగ్ (కరిగిన లోహాన్ని ఒత్తిడితో అచ్చులోకి పంపి చేసిన) భాగమేదైనా అది జింకు మిశ్రమం కాదని తేల్చుకున్నాకే మంట చూపించాలి. అలాంటిదైతే రాడ్ కంటే ముందు అదే కరగవచ్చు. అతికాక నీళ్లలో ముంచకుండా తనంతట తాను చల్లారనివ్వాలి. వంట పాత్రలకు, నిచ్చెనలకు, వాహనాల్లో బరువు మోసే భాగాలకు నేను వీటిని వాడను. వాటికి ఆర్గాన్ వెల్డింగే.

దోమతెర చట్రం అతుకు ఇప్పటికీ గట్టిగానే ఉంది. రంగు మాత్రం కలవలేదు; అక్కడ బూడిదరంగు మచ్చ కనిపిస్తూనే ఉంటుంది.