గోదావరి ఎగువన ద్రాక్షతోటలో రెండు రాత్రులు

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో మిరపకాయల అడ్తి దుకాణం నడిపే మాలాంటివారికి ఫిబ్రవరి వచ్చిందంటే అన్నం తినే తీరిక కూడా ఉండదు. అందుకని, పెళ్ళయిన ఇరవై రెండేళ్ళ తర్వాత మేమిద్దరమే కలిసి వెళ్ళాలనుకున్న ప్రయాణాన్ని జనవరి ఆఖరి వారానికి పెట్టుకున్నాము. మా తమ్ముడు గోవా వెళ్ళమన్నాడు. నా భార్య మాత్రం, బాసర దగ్గర రోజూ చూసే గోదావరి పైన ఎలా ఉంటుందో చూడాలని ఉందని చెప్పింది. త్ర్యంబకంలో పుట్టిన ఆ నదికి నాసిక్ ఎగువన గంగాపూర్ దగ్గర 1965లో మట్టి ఆనకట్ట కట్టారు, ఆ నీటి చుట్టుపక్కలే ఇప్పుడు వైన్ తోటలు పెరిగాయి. అక్కడ ఒక చిన్న వైనరీవారు నడిపే రిసార్ట్‌లో రెండు రాత్రులు ఉండి వచ్చాము. చెప్పవలసినవాటిలో ఫిర్యాదులు కూడా ఉన్నందున ఆ రిసార్ట్ పేరు రాయడం లేదు. అయితే ఆ వైపు బసలన్నీ దాదాపు ఇదే పద్ధతిలో నడుస్తాయని నాసిక్‌లోని మిత్రులు చెప్పారు గనుక, వెళ్ళాలనుకునే దంపతులకు ఈ అనుభవం పనికొస్తుందనుకుంటున్నాను.

శనివారం ఉదయం నాందేడ్‌లో తపోవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సాయంత్రానికి నాసిక్ రోడ్‌లో దిగాము. అక్కడి నుంచి తోట వరకు కారు సులభంగానే దొరికింది, కానీ తోట దగ్గర నుంచి తిరిగి ఊళ్ళోకి రావడానికి ఏ బండీ దొరకదన్న సంగతి మాకు మరునాడు తెలిసింది. దించిన డ్రైవర్ ఫోన్ నంబరు తీసుకుని ఉంచుకోవడం మంచిది.

రాత్రికి 6,500 రూపాయలు చెల్లించి మేము బుక్ చేసుకున్నది నీటివైపు గది. మాకు తాళం చేతికిచ్చింది జనరేటర్ షెడ్డు పక్కనున్న గదికి. అడిగితే, రిపబ్లిక్ డే సెలవు కలిసొచ్చిన వారాంతం కావడం వల్ల ముంబయి నుంచి వచ్చిన ఒక పెద్ద బృందానికి ఆ వరుసంతా ఇచ్చేశామని, మరునాడు మార్చుతామని చెప్పారు. ఆ బృందం పెట్టించిన డీజే పాటలు రాత్రి పదకొండు వరకు మా మంచం కోళ్ళను కూడా వణికించాయి. ప్రశాంతత కోసం వచ్చినవారికి ఇంతకంటే అన్యాయం మరొకటి ఉండదు. అయితే తప్పు కొంత మాది కూడా. వ్యాపారులమై ఉండి, సంత రోజున బేరానికి వెళ్ళకూడదన్న చిన్న సంగతి మరిచిపోయాము.

ఆదివారం ఉదయం పది గంటలకు తోటలో నడకకు ఇద్దరికీ కలిపి 900 రూపాయలు ముందే కట్టి ఉన్నాము. తీరా వెళితే, తోట చూపించే మనిషి ఆ పెద్ద బృందంతో ఉన్నాడు. మేనేజర్ యువకుడే అయినా మర్యాద తెలిసినవాడు. సాకులు చెప్పకుండా క్షమించమని అడిగి, సోమవారం తెల్లవారుజామున కోత ఉందని, ఆరు గంటలకు లేవగలిగితే తానే స్వయంగా తీసుకెళతానని, కట్టిన డబ్బు కూడా తిరిగి ఇస్తానని చెప్పాడు. మధ్యాహ్నానికల్లా నీటివైపు గది కూడా ఇచ్చాడు.

ఆ ఆదివారమే వైన్ రుచి చూసే పని ముగించుకోవడం మంచిదైంది. జనవరి 26న మహారాష్ట్రలో డ్రై డే కాబట్టి, సోమవారం కోసం ఆగి ఉంటే ఎక్కడా ఒక్క చుక్క కూడా పోసేవారు కాదు. ఈ తేదీల్లో వెళ్ళేవారు ఇది ముందే చూసుకోవాలి. మేము సులా వైన్‌యార్డ్స్‌కు వెళ్ళాము. అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ సొంత భూమిలో మొదలుపెట్టిన ఈ సంస్థ మొదటి వైన్‌లు 2000లో బయటికి వచ్చాయి, 2005లో సందర్శకుల కోసం టేస్టింగ్ రూమ్ తెరిచారు. తినే ద్రాక్షకు మాత్రమే పేరున్న నాసిక్‌కు వైన్ కోసం జనం రావడం అప్పటి నుంచే ఊపందుకుంది. స్టీలు ట్యాంకుల మధ్య తిప్పుతూ అక్కడ పనిచేసే అబ్బాయి చెప్పినవాటిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. నల్ల ద్రాక్షలో కూడా రసం దాదాపు తెల్లగానే ఉంటుందట, తొక్కలతో కలిపి పులియబెడితేనే ఎర్ర వైన్ అవుతుందట, ముందే పిండి తొక్క తీసేస్తే తెల్ల వైన్ అవుతుందట. రంగంతా తొక్కదే అన్నమాట. మిరపకాయలు కొనేవాడికి ఈ మాట వేరే విడమరిచి చెప్పనక్కరలేదు.

గ్లాసును వెలుతురుకు ఎత్తి రంగు చూడడం, గుండ్రంగా తిప్పి వాసన పట్టడం, చివరికి నాలుక మీద వేసుకోవడం, ఇదంతా పక్క బల్ల మీది పిల్లలకు నవ్వులాటగా ఉంది గానీ, మాకు మాత్రం దుకాణం గుర్తుకు వచ్చింది. మేము కూడా కుప్పలోంచి కాయ తీసి, రంగు చూసి, విరిచి, తేమ ఎంతుందో వేలితో పట్టి, తాలుకాయ ఎంతుందో చూశాకే ధర చెబుతాము. నా భార్య తాగదు. అయినా సొవిన్యో బ్లాంక్ అనే తెల్ల వైన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది పచ్చి మిర్చి తొడిమె విరిచినట్లుంది గదా!" అంది. పోస్తున్న అబ్బాయి ఆశ్చర్యపోయాడు. ఆ ద్రాక్షలో ఉండే పైరజీన్ అనే పదార్థమే కాప్సికంలో కూడా ఉంటుందని, అక్కడికి వచ్చేవారికి ఆ వాసన పసిగట్టడానికి కొంత సమయం పడుతుందని అతడు చెప్పినప్పుడు ఆమె ముఖంలో వెలిగిన గర్వం ఆ పూట పెట్టిన ఖర్చంతటికీ సరిపోయింది. నాకు షిరాజ్ అనే ఎర్ర వైన్ నచ్చింది, కొంచెం మిరియాల ఘాటు ఉంది. ఎండ తగ్గాక యార్క్ వైనరీ బాల్కనీలో కూర్చుని గంగాపూర్ నీళ్ళ మీద పొద్దు వాలడం చూశాము. తాగనివారికి అక్కడ చేయడానికి ఏముంటుందని అడిగేవారికి, ఆ గంటసేపు మా ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదన్నదే నా సమాధానం.

సోమవారం తెల్లవారుజామున చలి గట్టిగా ఉంది. మేనేజర్ మాటకు కట్టుబడి ఆరింటికి టార్చి పట్టుకుని వచ్చాడు. ఎండ ముదిరితే కాయ వేడెక్కి, పిండకముందే పులియడం మొదలవుతుందని కోత చీకటితోనే ప్రారంభిస్తారు. తీగ కింద వంగి ఎడమ చేత్తో గుత్తి పట్టుకుని కుడి చేతి కత్తెరతో తొడిమె కత్తిరించి, కింద పడకుండా ట్రేలో పెట్టే ఆడవాళ్ళ వేగం చూస్తే, మా యార్డులో కాయ ఏరే చేతులు కళ్ళముందు కదిలాయి. వైన్ ద్రాక్ష చూడడానికి ఏమంత అందంగా ఉండదు. బజారులో దొరికే థామ్సన్ రకం ద్రాక్షలా పొడుగ్గా, నిగనిగలాడుతూ కాక, చిన్నగా, గుండ్రంగా, మందమైన తొక్కతో, లోపల గింజలతో ఉంటుంది. నోట్లో వేసుకుంటే మాత్రం తీపి గొంతు పట్టేస్తుంది. తీగకు ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలంలో ఒకసారి, వర్షాలు వెనకబట్టాక ఒకసారి కత్తిరింపు చేస్తారని, అయినా పంట ఒక్కటే తీసుకుంటారని మేనేజర్ చెప్పాడు. చలికాలంలో తీగ నిద్రపోని ఉష్ణదేశంలో వైన్ ద్రాక్షను దారిలో పెట్టే ఉపాయం ఇదేనట. ఈ నడక లేకపోయి ఉంటే ఈ బసకు నేను అయిదులో రెండు మార్కులు కూడా ఇచ్చేవాడిని కాను. దీని వల్ల నాలుగు ఇస్తున్నాను.

భోజనం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఉదయం పెట్టిన మొలకల మిసళ్ బాగుంది, రాత్రి వంట పెళ్ళి విందు వంటలా రంగు ఎక్కువ, రుచి తక్కువ. పిజ్జా ఎవరికోసమో నాకు తెలియదు.

అక్కడి నుంచి సాతపూర్‌లో ఉంటున్న నా చిన్ననాటి మిత్రుడి ఇంటికి వెళ్ళాము. ధర్మాబాద్ బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న మనిషి, ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరి నాసిక్‌లోనే స్థిరపడ్డాడు. వాళ్ళ ఆవిడది సోలాపూర్ తెలుగు కుటుంబం. "అన్నయ్యా, రిసార్ట్‌లో రెండు రోజులు ఏం తిన్నారో ముఖాలే చెబుతున్నాయి" అంటూ ఆమె పెట్టిన జొన్న భాకరీ, సోలాపూర్ పల్లీల చట్నీ, వంకాయ కూర ముందు ఏ వైనరీ వంటా నిలవదు. వాళ్ళ పిల్లలు మాతో తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగిస్తారు. మా పిల్లలు కూడా అంతే గనుక ఎవరూ ఎవరినీ దిద్దలేదు.

మంగళవారం మిత్రుడు మమ్మల్ని పాండవ్ లేణీ గుహలకు తీసుకెళ్ళాడు. "త్రిసముద్ర తోయ పీత వాహన" (మూడు సముద్రాల నీళ్ళు తాగిన గుర్రాలు గలవాడు) అని మనం చిన్నప్పుడు శాతవాహనుల పాఠంలో చదువుకున్న బిరుదు, గౌతమీ బాలశ్రీ తన కొడుకు శాతకర్ణి గురించి చెక్కించిన శాసనంలో ఉన్నది ఆ కొండ మీదే, మూడో గుహలో. మెట్లు ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయి గానీ, ఆ గోడ ముందు నలుగురం నిలబడ్డాము. వైన్ కోసం నాసిక్ వెళ్ళే మనవాళ్ళు ఈ ఒక్క పూటైనా మిగుల్చుకోవాలి.

మళ్ళీ వెళతామా అంటే వెళతాము. వచ్చే ఏడాది ఫిబ్రవరి మొదటి వారంలో, సోమవారం చేరి బుధవారం బయలుదేరేలా అదే బసలో అడిగి ఉంచాము. నీటివైపు గది అని ఈసారి వాట్సాప్‌లో రాయించుకున్నాము. నడకకు కట్టిన 900 రూపాయలు నాలుగో రోజున ఖాతాలో పడ్డాయి.