గోదావరి గట్టు దగ్గర మేడమీద క్లినిక్కు: ఐదుకి నాలుగు

రాజమండ్రిలో గట్టుకి దగ్గర్లో, మేడ మీద రెండు గదులు. బోర్డు లేదు. ఉంటే నేను మెట్లెక్కేవాణ్ణే కాదండి. పగలు క్యాటరింగులో వడ్డిస్తాను, రాత్రి మగవాళ్లతో డబ్బుకి వెళ్తాను. ఆరేళ్లయింది.

అంతకుముందు ఓ ఆసుపత్రికి వెళ్తే, కిటికీలో ఆయన "హెచ్ఐవీ టెస్టుకేనా?" అని హాలంతా వినపడేలా అరిచాడు. నా వెనకే మా ఊరి బస్సు కండక్టరు. చీటీ అక్కడే వదిలేసి వచ్చేశాను. ఇక్కడ పేరు పిలవరు, నంబరే. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం మనం ఒప్పుకోకుండా టెస్టు చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని కౌన్సిలర్ మేడమ్ ముందే చెప్పారు.

తాగుడు మీద క్లాసు పీకుతారనుకున్నాను. "ఎన్నో పెగ్గు దాకా కండోమ్ గుర్తుంటుంది?" అని అడిగారంతే. లెక్కేసుకుంటే, మూడోది. "అయితే రేటూ కండోమూ రెండూ సీసా మూత తీయకముందే తేల్చేసుకోండి" అన్నారు. ఆరేళ్లలో నాకు తట్టనే లేదు!

మాది కోనసీమ, కొబ్బరి నూనెకి కరువా? జారుడుకి కండోమ్ మీద నేను రాసేదీ అదే. ఆవిడ ఓ కండోమ్‌ని బుడగలా ఊది, దానికి నూనె రాసి నా చేతిలో పెట్టారు. కాసేపటికి ఫట్‌మని పేలింది. ఇన్నాళ్లూ ఏం చేశానో తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. నీటితో చేసిన జెల్ వాడాలట. మూడుసార్లు వెళ్తే రెండుసార్లు స్టాకు లేదు, అది వేరే సంగతి.

వయసుమళ్లిన కస్టమర్లు వయాగ్రా వేసుకొస్తారు. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లు వయాగ్రా వేసుకుంటే బీపీ ఢామ్మని పడిపోయి ప్రాణం మీదికొస్తుందట. అప్పట్నుంచీ "గుండె మాత్రలేమైనా వాడతారాండి?" అని అడుగుతున్నాను. ఒకాయన "పెళ్లిచూపులకొచ్చావా ఏంటి?" అన్నాడు.

ఒక మార్కు ఎందుకు కోశానంటే, సాయంత్రం ఐదింటికి తాళం. మా పని మొదలయ్యేది ఎనిమిదింటికి. ఓ శనివారం రాత్రి కండోమ్ చిరిగింది. హెచ్ఐవీ అంటకుండా 72 గంటల్లోపు మందు మొదలెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది. ఆదివారం వీళ్లకి సెలవు. సోమవారం తెల్లారేసరికి మెట్ల మీద కూర్చున్నాను. మనిషిని తోడిచ్చి, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరుకి పంపారు. 28 రోజులు మాత్రలు మింగాను, మొదటి వారమంతా కడుపులో తిప్పుడే.

మూడు నెలలకి మళ్లీ టెస్టు చేయించుకున్నాను, నెగటివ్. జెల్ అడిగితే, వచ్చే వారం రమ్మన్నారు.