పౌలు వెళ్లిన దారిలో 8 రోజులు: ఒక గ్రీసు యాత్రపై సమీక్ష

గత అక్టోబరులో మా సంఘానికి చెందిన 26 మందిమి హైదరాబాదులోని ఒక యాత్రా సంస్థ ద్వారా గ్రీసు దేశానికి వెళ్లి, అపొస్తలుడైన పౌలు తన రెండవ సువార్త ప్రయాణంలో అడుగుపెట్టిన పట్టణాలను 8 రోజులపాటు చూసి వచ్చాము. పరిశుద్ధ దేశ యాత్ర అనగానే మన తెలుగు క్రైస్తవులకు యెరూషలేము, బేత్లెహేము మాత్రమే మనసులో మెదలుతాయి కాబట్టి, ఈ యాత్ర గురించి తెలుగులో వివరంగా రాసినవారు నాకు కనిపించలేదు. డబ్బు కట్టే ముందు నేను వెతికిన సమాచారం ఇతరులకైనా అందుబాటులో ఉండాలని ఇది రాస్తున్నాను. మొదటి నాలుగు రోజులు నేను ఆశించినదానికన్నా మిన్నగా సాగాయి. చివరి రెండు రోజుల విషయంలో మాత్రం సంస్థవారి ఏర్పాటు పట్ల నాకు తీవ్రమైన అసంతృప్తి ఉంది.

ముందుగా వారు చేసిన మంచి పని చెప్పాలి. మా విమానం థెస్సలొనీకలో దిగింది. మధ్యాహ్నమే చేరాము కనుక ఆ నగరాన్ని అప్పుడే చూపించి ఒక పని ముగించుకోవడం వారికి సులువు. అలా చేయకుండా, బస్సులో నేరుగా తూర్పున ఉన్న కవాలా రేవుకు తీసుకువెళ్లి, మరునాటి ఉదయం అక్కడినుండి యాత్ర మొదలుపెట్టారు. కవాలా అంటే అపొస్తలుల కార్యముల 16వ అధ్యాయంలోని నెయపొలి. పౌలు సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న త్రోయలో రాత్రివేళ మాసిదోనియ దేశస్థుని దర్శనం చూసి, ఓడ ఎక్కి, సమొత్రాకే దీవి మీదుగా దిగిన రేవు అదే. గ్రంథంలోని వరుసలోనే పట్టణాలు చూడాలన్న ఈ ఒక్క నిర్ణయం వల్ల, చదివిన అధ్యాయం మా కళ్ల ముందు క్రమంగా విప్పుకుంటూ వచ్చింది. రేవుకు దగ్గరలో పరిశుద్ధ నికొలాసు పేరిట ఉన్న ఆలయం పక్కన, ఆ దర్శనాన్నీ పౌలు ఒడ్డుకు దిగడాన్నీ చూపే రంగురాళ్ల చిత్రం ఉంది. అది ఈ కాలపు పనే. మా గైడు ఆ సంగతి దాచకుండా చెప్పి, ఆపైన మమ్మల్ని సముద్రంవైపు తిప్పి నిలబెట్టి, త్రోయ నుండి ఇక్కడికి పౌలుకు రెండు రోజులు పట్టిందని, తరువాతి కాలంలో ఫిలిప్పీ నుండి త్రోయకు తిరిగి వెళ్లేటప్పుడు అదే నీటి మీద అయిదు రోజులు పట్టిందని గుర్తుచేసింది. ఎన్నోసార్లు చదివినా ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి నేను ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ గైడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గ్రీసులో పురావస్తు స్థలాల లోపల వివరించడానికి ఆ దేశపు గుర్తింపు పొందిన గైడు ఉండాలి కాబట్టి, మా వెంట వచ్చిన తెలుగు టూర్ మేనేజరుతో పాటు ఒక గ్రీకు మహిళ కూడా అన్ని రోజులూ ఉంది. ఆమె ఇంగ్లీషులో చెప్పేది, మేనేజరు తెలుగులో చెప్పేవారు. అనువాదంలో సగం జారిపోతుందని భయపడ్డాను గాని, ఆయన వాక్యం తెలిసినవారు కావడం వల్ల పేర్లన్నీ మన బైబిలులో ఉన్నట్లే పలికి, పెద్దవారికి కూడా ఇబ్బంది లేకుండా చేశారు.

ఫిలిప్పీలో మాకు మూడున్నర గంటలు ఇచ్చారు, అది తగిన సమయం. కవాలా నుండి సుమారు 15 కిలోమీటర్లు. క్రీ.పూ. 356లో మాసిదోనియ రాజు ఫిలిప్పు తన పేరు పెట్టుకున్న ఊరు, క్రీ.పూ. 42లో జరిగిన యుద్ధం తరువాత రోమా సైనికులకు నివాసంగా ఇచ్చిన పట్టణం. యునెస్కో 2016లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. శిథిలాల గుండా రోమీయులు వేసిన ఎగ్నాతియ రహదారి సాగుతుంది, దాని రాళ్ల మీద బండి చక్రాల గాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇక్కడ గైడు చూపిన నిజాయితీని నేను ఎంతో మెచ్చుకున్నాను. ఇప్పుడు కనిపిస్తున్న సభాస్థలంలో ఎక్కువ భాగం పౌలు కాలం తరువాత, రెండవ శతాబ్దంలో కట్టినదని, పౌలు, అతని తోటి సేవకుడు సీల బంధింపబడిన చెరసాలగా చూపే రాతి గది నిజానికి రోమీయుల కాలపు నీటి తొట్టి అని ఆమె స్పష్టంగా చెప్పింది. మా బృందంలో కొందరు ఆ మాటకు నొచ్చుకున్నారు; ఆ గదిలో మోకరించాలనే వారు అంత దూరం వచ్చారు. వారి బాధ నాకు అర్థమైంది. అయినా, విశ్వాసయాత్రలో చూపించేవారు నిజం చెప్పడమే భక్తికి చేసే మర్యాద అని నా అభిప్రాయం. అదే స్థలంలో, నాలుగవ శతాబ్దంలో పొర్ఫూరియు అనే బిషప్పు పౌలు పేరిట ఉన్న ఆలయంలో నేలమీద వేయించిన రంగురాళ్ల రాతను ఆమె చూపించినప్పుడు, నొచ్చుకున్నవారి ముఖాలు కూడా విప్పారాయి. చెరసాల ఎక్కడ ఉండేదో చెప్పలేకపోయినా, పౌలును ఆ ఊరు మరచిపోలేదనడానికి రాతి సాక్ష్యం అక్కడ ఉంది.

ఫిలిప్పీ బయట, ఏటి ఒడ్డున లూదియ పేరిట బాప్తిస్మ స్థలం ఉంది. అరుగులు, మెట్లు, వంతెన ఇవన్నీ కొత్తగా కట్టినవే అయినా నీరు మాత్రం చల్లగా, స్వచ్ఛంగా పారుతోంది. సమాజమందిరం లేని ఊరిలో విశ్రాంతి దినాన ఏటి దగ్గర ప్రార్థనకు కూడుకున్నవారు స్త్రీలు; మాసిదోనియలో మొదట వాక్యాన్ని అంగీకరించింది తుయతైర నుండి వచ్చి ఊదారంగు సరుకు అమ్ముకుంటున్న ఈ లూదియ అనే వ్యాపారస్థురాలు; సంఘానికి మొదటి చోటు ఆమె ఇల్లే. మా బృందంలోని ఒక పెద్దావిడ తన నాయనమ్మ మిషను రోజుల్లో బైబిలు స్త్రీగా పనిచేసిందని, ఇంటింటికీ నడిచి వెళ్లి ఆడవారికి చదువు, వాక్యం నేర్పిందని అక్కడ కూర్చుని చెప్పింది. మేనేజరు గడియారం చూసుకోకుండా ఆమెను పూర్తిగా చెప్పనిచ్చారు. ఈ యాత్రకు నేను కట్టిన డబ్బులో అత్యధిక భాగం ఆ గంటకే చెల్లిపోయిందని భావిస్తున్నాను.

ఫిలిప్పీ నుండి థెస్సలొనీకకు సుమారు 150 కిలోమీటర్లు. కొత్త రహదారికి కూడా ఎగ్నాతియ అనే పేరే పెట్టారు. బస్సు రెండు గంటలలోపే చేర్చింది. ఫిలిప్పీలో తిన్న బెత్తపు దెబ్బల గాయాలు మానకముందే పౌలు, సీల అదే దారిలో అంఫిపొలి, అపొల్లోనియ మీదుగా వెళ్లారని తలచుకుంటూ కూర్చున్నాము. థెస్సలొనీకలో ఎక్కువగా కనిపించేవి తరువాతి కాలపు కట్టడాలే, కాబట్టి అక్కడి నడక కొంత అలసట కలిగించింది. అయినా గైడు చెప్పిన ఒక సంగతి మాత్రం రాయదగినది. పౌలుకు ఇంట చోటిచ్చిన యాసోనును జనం ఏ అధికారుల ముందుకు ఈడ్చుకెళ్లారో, వారికి అపొస్తలుల కార్యములు రాసిన లూకా వాడిన గ్రీకు పదవి పేరు ఇతర ప్రాచీన గ్రంథాలలో కనిపించకపోవడంతో ఒకప్పుడు కొందరు దానిని శంకించారట; ఆ ఊరి ప్రాచీన ద్వారం మీదనే ఆ పదవి పేరు చెక్కిన శాసనం దొరికింది, అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. బెరయలో అరగంట మాత్రమే ఆగాము. ప్రతిదినం లేఖనాలు పరిశోధించినవారని పేరు పొందిన ఊరికి ఆ అరగంట చాలదు గాని, చూడడానికి పౌలు స్మారకం తప్ప ఎక్కువ లేదు కనుక ఫిర్యాదు చేయను.

నా అసలు ఫిర్యాదు ఆ తరువాత మొదలవుతుంది. బెరయ నుండి ఏథెన్సుకు వెళ్లే దారిలో ఒక పూర్తి రోజును మెటియోరాకు కేటాయించారు. ఆకాశాన్నంటే రాతి స్తంభాల మీద కట్టిన ఆ మఠాలు అద్భుతమైనవే, నేను కాదనను. అయితే అవి 14వ శతాబ్దం నుండి వెలసినవి, పౌలు ప్రయాణానికి వాటితో ఏ సంబంధమూ లేదు. ఆ రోజు పెట్టిన ఖర్చు ఎక్కడ తేలిందో కొరింథులో తెలిసింది.

ఏథెన్సు గురించి క్లుప్తంగా చెబుతాను. పౌలు ప్రసంగించిన అరేయొపగు రాతిగుట్ట ఎన్నో ఏళ్ల పాదాలకు అరిగి నున్నగా జారుతుంది, మోకాళ్ల నొప్పి ఉన్నవారు పక్కనున్న ఇనుప మెట్లే ఎక్కాలి. కింద రాతికి బిగించిన కంచు పలక మీద పౌలు ప్రసంగం గ్రీకులో ఉంది. తెలియబడని దేవుని బలిపీఠం నుండి మాట మొదలుపెట్టి, వినేవారి కవుల మాటలనే ఎత్తిచూపి, పునరుత్థానం దాకా తీసుకువెళ్లిన ఆ ప్రసంగాన్ని మేము తెలుగులో చదువుకున్నాము. కొందరు అపహాస్యం చేశారు, దియొనూసి, దమరి వంటి కొద్దిమంది నమ్మారు. గైడు మాట వినడానికి మా చెవులకు ఇచ్చిన యంత్రాలు అక్కడ సగం పనిచేయలేదు. ప్రవేశ టిక్కెట్లు మేము కట్టిన మొత్తంలో లేవని కూడా ఆ ఊరిలోనే చెప్పారు. ఇది ముందే కాగితం మీద రాసి ఇవ్వవలసిన విషయం.

ఇక కొరింథు. పౌలు ఏడాదిన్నర నివసించిన ఈ పట్టణానికి మాకు దక్కింది గంటా ముప్పావు. దారిలో ఓడలు వెళ్లే కొరింథు కాలువ దగ్గర, ఆ తరువాత జ్ఞాపికలు అమ్మే ఒక దుకాణం దగ్గర కలిపి గంటన్నర ఆపారు. 1893లో పూర్తయిన ఆ కాలువను వంతెన మీదినుండి చూడడానికి పది నిమిషాలు చాలు. కొరింథు అలా హడావుడిగా చూసే చోటు కాదు. రోమీయులు క్రీ.పూ. 146లో నాశనం చేసిన ఈ ఊరిని క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు తిరిగి నెలకొల్పాడు. విడుదల పొందిన దాసులు, వర్తకులు, రెండు రేవుల నుండి వచ్చిపోయేవారు చేరి నిండిన ఊరు ఇది. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ వల్ల రోమా విడిచిన అకుల, ప్రిస్కిల్ల ఇక్కడికి వచ్చి డేరాలు కుడుతుండగా, అదే పని తెలిసిన పౌలు వారి ఇంట ఉండి చేతిపని చేసుకుంటూ సువార్త చెప్పాడు. వలస వచ్చినవారి ఇంట్లో, పని బల్ల పక్కన సంఘం మొలకెత్తింది. కువైట్‌కు పనికి వెళ్లిన మనవారు ఒక గదిలో చేరి పాడుకునే ప్రార్థనలు ఎరిగినవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. ఒంగోలు ప్రాంతంలో 19వ శతాబ్దంలో యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారానికి తిరిగిన పల్లెలలోనే తన వారికి సువార్త చెప్పిన సంగతి కూడా నాకు అక్కడే గుర్తొచ్చింది. ఈ మాటలు ఎవరితోనైనా పంచుకుందామంటే, అప్పటికే బస్సు ఎక్కమని పిలుస్తున్నారు.

పౌలు మీద వచ్చిన ఫిర్యాదును విన్న రోమా అధిపతి గల్లియోను న్యాయపీఠం ముందు నిలబడి ఫొటో తీసుకున్నాము. అపొల్లో గుడిలో నిలిచి ఉన్న ఏడు స్తంభాలను చూశాము. గల్లియోను పేరున్న శాసనం దెల్ఫీలో దొరకడం వల్లనే పౌలు కొరింథులో ఉన్న కాలాన్ని క్రీ.శ. 51 ప్రాంతానికి నిర్ణయించగలిగారని గైడు నడుస్తూనే చెప్పింది. ఆమె తొందర ఆమె తప్పు కాదు. నాటకశాల దగ్గర ఎరస్తు అనే అధికారి పేరు చెక్కిన రాయి ఉంది. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో పేర్కొన్న ఎరస్తు ఇతడేనా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. దానిని చూడడానికి మాకు సమయం దొరకలేదు. హెబ్రీయుల సమాజమందిరం అని రాసిన రాతి ముక్క ఉన్న మ్యూజియంలో పదిహేను నిమిషాలు ఉన్నాము. మా యాత్ర పట్టికలో స్పష్టంగా రాసి ఉన్న కెంక్రేయ రేవును, సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నదానిని, సమయం లేదని వదిలేశారు. సంఘ పరిచారకురాలైన ఫీబే ఊరు అది; పౌలు ఓడ ఎక్కి వెళ్లిన రేవు అది. లూదియ ఏటి దగ్గర మాట్లాడిన పెద్దావిడ ఆ ఊరి కోసమే ఎదురుచూసింది.

బస, భోజనం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గదులు శుభ్రంగా ఉన్నాయి, రాత్రి భోజనంలో అన్నం రెండు రోజులే దొరికింది, వెంట తెచ్చుకున్న పచ్చళ్లు అక్కరకొచ్చాయి. బస్సు డ్రైవరు ఎంతో ఓర్పుగలవాడు.

తిరిగి వచ్చాక సంస్థవారికి ఉత్తరం రాసి, మెటియోరాను కోరినవారికి విడిగా పెట్టి ఆ రోజును కొరింథుకు ఇవ్వమని అడిగాను. పరిశీలిస్తామని జవాబు వచ్చింది. అయిదింటికి మూడున్నర మార్కులు ఇస్తున్నాను. ఫిలిప్పీ వరకే అయితే అయిదూ ఇచ్చేదాన్ని. ఏ సంస్థ ద్వారా వెళ్లినా, డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడిగి జవాబులు రాతలో తీసుకోండి: కొరింథు లోపల ఎన్ని గంటలు ఉంచుతారు, ప్రవేశ టిక్కెట్ల ఖర్చు ఎవరిది, కెంక్రేయలో బస్సు దింపుతారా.