గుంటూరులో ‘డ్రైవర్ ప్యాకేజీ’ రక్తపరీక్షల వాళ్ళతో జాగ్రత్త

ఇప్పుడే అరండల్‌పేట నుంచి ఇంటికి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

నెల రోజులుగా గుంటూరు వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరుగుతున్న ఆ నీలం పోస్టర్ మీరూ చూసే ఉంటారు. ‘మీ ఇంట్లో డ్రైవర్ ఉన్నాడా? పిల్లి ఉందా?’ అని మొదలవుతుంది. ఆ పోస్టర్ వేసి డ్రైవర్లకి రక్తపరీక్షలు అమ్మేవాళ్ళ గురించే ఈ పోస్టు. పేరు రాయను, పోస్టర్ చూసినవాళ్ళకి అర్థమవుతుంది.

మా తమ్ముడు ట్రాలీ నడుపుతాడు. మిర్చి సీజన్ కాబట్టి ఊళ్ళ నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించుకుని యార్డుకి, యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీకి తిప్పుతుంటాడు. రెండు నెలల్లో రెండుసార్లు గుద్దాడు. ఒకసారి డివైడర్‌కి, ఒకసారి ఆగి ఉన్న లారీకి. ప్రాణానికేమీ కాలేదు గానీ ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఈ పోస్టర్ వచ్చింది. 3,800 రూపాయలు కట్టాను. అబ్బాయి ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్ళాడు.

రిపోర్టులో టాక్సోప్లాస్మా అనే క్రిమికి ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) పాజిటివ్ అని ఎర్ర ఇంకుతో గుండ్రంగా చుట్టి పంపారు. గంటలో వాళ్ళ కౌన్సిలర్ ఫోన్. ఈ క్రిమి పిల్లి నుంచి వస్తుందట, మెదడులో చేరుతుందట, అది ఉన్న ఎలుకకి పిల్లంటే భయం పోతుందట, మనిషికి రోడ్డంటే భయం పోతుందట. చెక్ దేశంలోని ప్రేగ్‌లో ఒక ప్రొఫెసర్ రుజువు చేశాడట. 45 రోజుల కిట్ వాడితే క్రిమి మొత్తం బయటికి పోతుందన్నాడు. 9,600. ఫోన్ పెట్టేలోపు డబ్బులు పంపేశాను. డిగ్రీ చదివినదాన్ని. ఒక్క పూట ఆగి ఎవరైనా డాక్టర్‌ని అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ఆ తప్పు నాదే.

అంతటితో ఆగినా బాగుండేది. ఆరేళ్ళుగా ఇంట్లో పెరిగిన మా పిల్లి మల్లిని బుట్టలో పెట్టి తెనాలిలో మా పిన్ని ఇంటికి పంపేశాను. తమ్ముడిని బండి ఎక్కొద్దన్నాను. సీజన్ నడుమ 19 రోజులు బండి ఇంటి ముందే ఉంది. కిస్తీ మాత్రం ఆగదు కదా. అమ్మ వాడికి అన్నం పెడుతూ కూడా వాడి కళ్ళలోకి అనుమానంగా చూసేది. వాడు గమనించాడు, ఏమీ అనలేదు.

కిట్ వాడిన మూడో వారంలో వాడికి కడుపునొప్పి వస్తే కొత్తపేటలో ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. సీసాలన్నీ బల్ల మీద పెట్టాను. ఆయన రిపోర్టు రెండో పేజీ తిప్పి చూపించారు. ఐజీఎం నెగటివ్ అని అక్కడ చిన్న అక్షరాల్లో ఉంది. దాని చుట్టూ ఏ ఇంకూ లేదు. ఐజీఎం నెగటివ్ అంటే ఈ మధ్య కొత్తగా సోకినది కాదట. ఐజీజీ అంటే ఎప్పుడో ఒకప్పుడు అది ఒంట్లోకి వచ్చిందనీ, ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి అదుపులో పెట్టిందనీ అర్థమట. ప్రపంచంలో సుమారు మూడో వంతు మందికి ఇది ఉంటుందని అంచనా అట. ‘నాకు చేసినా పాజిటివ్ రావచ్చమ్మా’ అన్నారు.

కిట్‌లో ఒక మాత్ర ఉంది, బడిలో పిల్లలకి వేసే నులిపురుగుల మాత్రే. ఆయన దాన్ని పక్కకి నెట్టి, ‘ఇది పురుగు కాదమ్మా, ఒకే కణం ఉన్న సూక్ష్మజీవి. నులిపురుగుల మందుతో దీనికేమీ కాదు’ అన్నారు. మెదడులో, కండరాల్లో తిత్తులుగా నిద్రపోయే దశలో దాన్ని పూర్తిగా తీసేసే మందు ఇప్పటికీ లేదట. గర్భిణులకి, కంటిలో జబ్బు చేసినవాళ్ళకి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకి మాత్రం ఇది నిజంగా ప్రమాదం, వాళ్ళకి వేరే మందులున్నాయి, అవీ డాక్టర్ చూసి ఇవ్వాల్సినవే.

అప్పుడు ఒక సీసా తిప్పి లేబుల్ చదివాను. 19 రోజులుగా నా చేత్తోనే మూత తీసి ఇస్తున్న సీసా. అడుగున చీమ తలంత అక్షరాలు: ‘ఆహార అనుబంధం. ఏ వ్యాధినీ నయం చేయడానికి ఉద్దేశించినది కాదు.’

ఆ తర్వాత డాక్టర్ తమ్ముడిని అడిగిన ప్రశ్న మాలో ఒక్కరమూ అడగలేదు. ‘రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావు?’ వాడు తల వంచుకుని, ‘సీజన్‌లో మూడు గంటలండీ, ఒక్కోసారి అదీ ఉండదు’ అన్నాడు. రెండుసార్లూ తెల్లవారుజామున గుద్దాడు. రెండూ యార్డుకి వెళ్ళే ట్రిప్పులే. అది వినగానే నాకు ఏడుపొచ్చింది.

ఆ రాత్రి కూర్చుని నేను చదివినంత చదివాను. ప్రేగ్ సంగతి అబద్ధం కాదు, అందుకే నేను పడిపోయాను. అక్కడి చార్లెస్ విశ్వవిద్యాలయంలో యారోస్లావ్ ఫ్లెగ్ర్ బృందం 2002లో ప్రమాదాల పాలైన 146 మందిని, అదే ప్రాంతంలోని మరో 446 మందితో పోల్చింది. ఈ యాంటీబాడీలున్నవాళ్ళకి ప్రమాద అవకాశం 2.65 రెట్లు కనిపించింది. ఎలుకల పరిశోధన కూడా నిజమే, ఆక్స్‌ఫర్డ్‌లో 2000లో చేశారు. కానీ న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టినప్పటి నుంచీ గమనిస్తూ వచ్చిన 837 మందిని చూసి 2016లో ఇంకో బృందం రాసింది. ఈ క్రిమి ఉన్నంత మాత్రాన మనిషికి దుడుకుతనం పెరుగుతుందనడానికి గానీ, మెదడు పనితీరు తగ్గుతుందనడానికి గానీ పెద్దగా ఆధారం దొరకలేదు. ఇదింకా తేలని విషయం. తేలినా అది గుంపులో లెక్క. ఫలానా రోజు ఫలానా మనిషి ఎందుకు గుద్దాడో ఏ రక్తపరీక్షా చెప్పదు. వాళ్ళు నాకు సగం చెప్పి, ఆ సగానికి మందు అమ్మారు.

ఇవాళ డబ్బులు వెనక్కి అడగడానికి వెళ్ళాం. తమ్ముడూ వచ్చాడు. మేడ మీద గది, అప్పటికే ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఫోన్‌లో ‘అక్కా, అక్కా’ అన్న ఆ కౌన్సిలరే ఉన్నాడు. డాక్టర్ రాసిన కాగితం ఇచ్చాను. చదవలేదు, మడిచి నా వైపే తోశాడు.

‘మీకు డబ్బులు కావాలా, ప్రాణాలు కావాలా? రేపు ఇతను ఎవరి పిల్లాడినో గుద్ది చంపితే ఈ డాక్టర్ వస్తాడా?’ అన్నాడు. గదిలో అందరూ తిరిగి చూశారు. అక్కడితో ఆగలేదు. తమ్ముడి వైపు తిరిగి, నవ్వుతూ, ‘నీ బుర్ర నీది కాదు తమ్ముడూ. బండి నువ్వు తోలట్లేదు, పురుగు తోలుతోంది’ అన్నాడు.

పురుగు కాదని తెలిసీ ఆ మాటే వాడాడు. నా 13,400 రూపాయలు పోయినందుకు ఇంత కోపం లేదు. ముప్ఫై ఏళ్ళ మనిషిని, ఇల్లు మోస్తున్నవాణ్ణి పట్టుకుని పదిమందిలో అంత మాట అంటాడా! అక్కడ కూర్చున్న ఒక పెద్దావిడ తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, తమ్ముడికి దూరంగా జరిగింది. అది నేను చూశాను. వాడూ చూశాడు.

వాడి చేతిలో బండి తాళం ఉంది. ఎర్ర దారంతో చిన్న దుర్గమ్మ బిళ్ళ కట్టిన తాళం. మెట్లు దిగుతూ ఏమీ మాట్లాడకుండా దాన్ని నా హ్యాండ్‌బ్యాగ్‌లో వేశాడు. వద్దురా అన్నా వినలేదు. ఇంటికి ఆటోలో వచ్చాం. దారంతా వాడు బయటికి కూడా చూడలేదు, తన చేతుల్నే చూసుకుంటూ కూర్చున్నాడు. ఇప్పుడు ఈ పోస్టు రాస్తుంటే బ్యాగు నా పక్కనే ఉంది, తాళం అందులోనే ఉంది.

వాళ్ళు ఫోన్ చేస్తే మాట్లాడకండి. ఐజీజీ ఒక్కటే చూపించి మందు కొనమంటే కొనకండి, రిపోర్టు అన్ని పేజీలూ ఫిజీషియన్‌కి చూపించండి. పిల్లిని పంపేయకండి. దాని మలంలో వచ్చే క్రిమి గుడ్లు అంటుకునే దశకి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, కాబట్టి రోజూ తీసేసి చేతులు కడుక్కుంటే చాలా వరకు సరిపోతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని వేరేవాళ్ళు చేయాలి. మాంసం బాగా ఉడికించండి, ఆకుకూరలు కడగండి. ఇది పిల్లి నుంచే కాదు, వాటి నుంచీ వస్తుంది. ఆ ముక్క వాళ్ళ పోస్టర్‌లో ఎక్కడా లేదు.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లయింట్ పెడుతున్నాను. ఆ నీలం పోస్టర్ నా ఫోన్‌లో డిలీట్ అయిపోయింది. మీ దగ్గర ఉంటే దయచేసి ఈ రాత్రికే నాకు పంపండి, కంప్లయింట్‌కి జత చేయాలి.